ఏటి ఒడ్డుకు పట్టా ఎవరిచ్చారు?

పొలం నీదే రైతన్నా, కాదనేవాడు లేడు. దాన్ని ఆనుకుని పారే ఏరు అందరిదని నువ్వూ ఒప్పుకుంటావు. పేచీ అంతా ఈ రెంటి మధ్య ఉన్న ఒడ్డు దగ్గరే. ఆ ఒడ్డు మీదకి ఏటికేడు ఒక్కో చాలు జరుపుకుంటూ పోయేవాడొకడు, ముళ్ళకంచె వేసేవాడొకడు, జేసీబీ దింపేవాడొకడు. నేను విశాఖ జాలరిపేట వాణ్ణి. నాకు సెంటు పొలం లేదు. నా గట్టు సంగతి నీకెందుకని నువ్వు నన్ను అడగొచ్చు, అడగాలి కూడా. నా జవాబు ఒకటే. నువ్వు ఒడ్డున ఏం చేసినా అది చివరికి మా వలలోకే వస్తుంది.

నాలుగు రోజులు ముసురు పట్టి, కొండవాన దిగి, ఏళ్ళు పొంగిన తరవాత ఒకసారి మా తీరానికి రా. నీళ్ళు ఎర్రగా పట్టీ కట్టి ఉంటాయి. అలివి వల రెండు కొసలూ పట్టుకుని ఇటు పదిమంది, అటు పదిమంది లాగుతుంటారు. బరువు చూసి మంచి వేట దొరికిందనుకుంటాం. వల సంచి ఇసుక మీదకి వచ్చాక తెలుస్తుంది. అరటి బోదెలు, తడిసి ముద్దయిన చెరకు ఆకు, గుర్రపుడెక్క, డ్రిప్పు పైపుల ముక్కలు, చినిగిన ఎరువు సంచులు, మూత బిగించి ఉన్న పురుగుమందు డబ్బాలు. ఆ డబ్బా మీద పుర్రె బొమ్మ ఇంకా చెరిగి ఉండదు. మా ఆడవాళ్ళు ఇసుకలో చతికిలబడి, ఆ చెత్తలోంచి నెత్తళ్ళనీ కవళ్ళనీ ఒక్కొక్కటే ఏరి గంపలో వేస్తారు. సగం మెత్తబడిపోయి ఉంటాయి. చినిగిన వల అల్లుకోవడానికి మగవాళ్ళకి రెండు పూటల వేట పోతుంది. ఈ నష్టం ఏ పంచనామాలోనూ ఎక్కదు.

మా ఉనికే అలాంటిది. దక్షిణాన రాంబిల్లి వైపు శారద, వరాహ కలిసి కడలిలో పడతాయి. ఉత్తరాన భీమిలి దగ్గర గోస్తని పడుతుంది. నడుమ మేం. నైరుతి కాలంలో అలల తోపు తీరం వెంట ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. ఏ వైపు ఒడ్డు తెగినా ఏడాదిలో ఏదో ఒక కాలంలో మాకు చేరుతుంది.

చెత్తని ఏరి పారేయొచ్చు. రొయ్య సంగతేమిటి? తల్లి రొయ్య కడలిలో గుడ్లు పెడుతుంది. పిల్ల మాత్రం ఏటి మొగలోకి ఎదురొచ్చి, ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట, ఒడ్డున వంగిన గడ్డిదుబ్బుల నీడలో దాక్కుని పెరిగి, తిరిగి కడలిలోకి దిగుతుంది. ఆ దుబ్బులు పీకేసి నీటి అంచుదాకా చెరువులు తవ్వి, వాటి మురుగుని మళ్ళీ అదే మొగలోకి వదిలితే పిల్ల ఎక్కడ పెరగాలి? పెంచిన రొయ్యని అమెరికాకి ఎగుమతి చేశామని లెక్కలు చెబుతారు. పెరగకుండా పోయిన రొయ్యకి లెక్క రాసేదెవరు?

ఇక ఇసుక. మా పేటకి ముంగిలి ఇసుకే. తెప్పలు లాగి నిలబెట్టేది దాని మీద, వలలు ఆరేసేది దాని మీద, చేపలు ఎండబెట్టేది దాని మీద. ఆ ఇసుక కడలిలో పుట్టింది కాదు, దక్షిణాన ఏళ్ళు దింపినదాన్ని అలలు నెట్టుకొచ్చి మా ముందు పోసేవి. డాల్ఫిన్స్ నోస్ పక్కన హార్బరు గోడలు ఆ దారికి అడ్డం పడ్డాయి. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జరుతో ఇసుక తవ్వి గొట్టాల్లోంచి బీచ్ మీదకి పోయిస్తుంటారు. ఏరు ఊరికే మోసుకొచ్చి పోసిన దానికి ఇప్పుడు బిల్లులు కడుతున్నాం. ఎగువన ఆ ఏటి ఇసుకనే లారీలకెత్తేస్తే, రేపు గొట్టంలో పోయడానికైనా ఏం మిగులుతుంది?

ఇసుక విధానం ఎన్నిసార్లు మారిందో గుర్తుచేస్తాను. 2014లో డ్వాక్రా సంఘాల చేతికిచ్చారు. 2016లో ఉచితమన్నారు. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా అమ్మారు. 2021లో రాష్ట్రమంతటి ఇసుకనీ ఒకే ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టారు. 2024 జూలైలో మళ్ళీ ఉచితమన్నారు. పదేళ్ళలో అయిదుసార్లు! ప్రతిసారీ మారింది ఇసుక ఎవరు ఎత్తుకుపోవాలన్నదే. ఎత్తుకుపోయాక ఒడ్డుని ఎవరు కాపాడాలన్న మాట ఏ ప్రభుత్వానికీ పట్టలేదు. ఇది ఒక పార్టీ పాపం అనడానికి నాకు నోరు రాదు. అందరూ చేసినదే.

గోస్తని ఇసుకలో దింపిన ఊటబావుల నుంచి భీమిలికీ విశాఖకీ తాగునీళ్ళు వస్తాయి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా వచ్చి, తాటిపూడి రిజర్వాయరు నింపి కిందకి దిగిన నీటిని పట్టి ఉంచేది ఆ ఇసుక మేటే. దాన్ని తవ్వుకుపోతే బావి ఎండుతుంది. బావుల దగ్గరా వంతెనల దగ్గరా 500 మీటర్లలోపు ఇసుక తియ్యరాదని వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలున్నాయి. రాత్రి పది దాటాక ఏటిలో వరసగా దిగే ట్రాక్టర్ల దీపాలు అధికారులకి కనిపించవా? నాకు కనిపిస్తాయి. ఆ దారిన పోయే ఎవరికైనా కనిపిస్తాయి.

ఇప్పుడు నీ దగ్గరికే వస్తాను రైతన్నా. గట్టు పైనుంచి తెగుతుందని చాలామంది అనుకుంటారు. తెగేది అడుగు నుంచి. ప్రవాహం ఒడ్డు పాదాన్ని తొలుస్తుంది, పైన మట్టి చూరులా వేలాడుతుంది, నీళ్ళు తీసిన మర్నాడు తడిసి బరువెక్కిన ఆ పెళ్ళ ఒక్క పెట్టున కూలుతుంది. ఏటిలో ఇసుక తవ్వితే అడుగు లోతెక్కి ఒడ్డు ఎత్తు పెరిగినట్టవుతుంది, అంత త్వరగా కూలుతుంది. దాన్ని పట్టి ఉంచేవి వేళ్ళే. కానుగ, నేరేడు, ఈత, తాడి, వెదురు, వట్టివేరు, రెల్లు, మొగలి పొదలు. వీటి వేళ్ళు మట్టిని అడుగుదాకా అల్లుకుంటాయి. నువ్వు వాటిని కొట్టేసి నీటి అంచుదాకా వరో చెరకో వేస్తున్నావు. ఆ వేళ్ళకి ఎంత లోతు? పైపెచ్చు చాలు నేరుగా ఏటివైపు దున్నితే ప్రతి చాలూ వాన నీటికి బాట. నువ్వు బస్తాకింత పెట్టి కొన్న ఎరువు ఆ బాటనే పోతుంది.

ఒక చాలు దొరికిందని మురిసేలోగా పది చాళ్ళు పోతాయి. కోనసీమ లంకల్లో అడిగి చూడు. గోదావరి కోతకి కొబ్బరి తోటలు తోటలే పోయినవాళ్ళున్నారు. పాసుబుక్కులో ఎకరాలుంటాయి, ఆ ఎకరాల మీద పడవ నడుస్తుంటుంది. 2012లో నీలం తుపాను వానలకి శారద, వరాహ పొంగినప్పుడు మన దగ్గరా గట్లు తెగాయి, ఇసుక మేటలు పొలాల మీద పడ్డాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. ప్రతి తుపానుకీ ఇసుక బస్తాలు వేయించి ఫొటో దిగి వెళ్ళిపోతారు. బస్తా ఒక ఏడు కాచేదాన్ని చెట్టు నలభై ఏళ్ళు కాస్తుంది. ఆ చెట్టు నాటడానికి జాగా ఎక్కడుంది? నువ్వు దున్నేశావు, పక్కవాడు లేఅవుట్ వేశాడు.

ఒడ్డు కేవలం మట్టిని ఆపే గోడ కూడా కాదు. దాని మీద ఊరు నడుస్తుంది. గొర్రెల మందకి నీళ్ళు తాగించేవాడు, బట్టలు ఉతికే రజకులు, ఏటిలో వల విసిరి పూట గడుపుకునే బెస్తవాళ్ళు, కర్మ చేయడానికి కుండతో వచ్చే కొడుకులు, కార్తీకంలో దీపం వదిలే ఆడవాళ్ళు. వీళ్ళలో చాలామందికి పొలం లేదు. వాళ్ళకి ఏటితో ఉన్న బంధమంతా ఆ రేవూ ఆ బాటే. కంచె వేసి గేటు పెట్టి తాళం వేశాక గొర్రెలకాపరి రెండు మైళ్ళు చుట్టు తిరిగి పోవాలి. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఎకరాలు కొని ఫామ్‌హౌస్ కట్టుకున్న పట్నం పెద్దమనుషుల తోటల దగ్గర రోజూ జరుగుతున్నదే. నీళ్ళ పక్కన స్థలం అని బోర్డు పెట్టి గజం ఎక్కువ ధరకి అమ్ముతారు. ఆ ఎక్కువ ధర దేనికి? ఊరందరి ఒడ్డుని కలిపి అమ్ముతున్నందుకు!

చట్టం లేదా అంటే, కావలసినంత ఉంది. నదుల, వాగుల గర్భం ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం చెప్పింది. వాగుని ఆనుకున్న రైతుకి తాగడానికీ, గొడ్లకీ, ఆ పొలం తడుపుకీ నీటి హక్కుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెబుతూనే, సాటి రైతులకి నష్టం రాకూడదని షరతు పెట్టింది. హిమాచల్‌లో ఒక హోటలు కంపెనీ తన స్థలం కాపాడుకోవడానికి బియాస్ నది దారినే మళ్ళించబోతే, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కమల్‌నాథ్ కేసులో తీర్పిచ్చింది. నదులూ తీరాలూ ప్రజల సొత్తు, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే, ప్రైవేటువాళ్ళకి ధారపోసే హక్కు దానికి లేదని తేల్చింది. మన భీమిలి తీరంలో ఇసుక మీద కట్టిన కాంక్రీటు గోడని కూల్చమని 2024లో మన హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. గోడ లేస్తున్నన్నాళ్ళూ ఊరంతా చూసింది, అధికారులూ చూశారు.

కానీ నిబంధనల్లోని కొలతలు చూస్తే నా కడుపు మండుతుంది. 2012 నాటి జీవో 168 ప్రకారం నది హద్దు నుంచి నగరపాలక పరిధి బయట 100 మీటర్లు, లోపల 50 మీటర్లు వదలాలన్నారు. వెడల్పు 10 మీటర్లు దాటిన వాగుకి 9 మీటర్లు. అంతకంటే సన్నగా ఉంటే 2 మీటర్లు! ఉత్తరాంధ్రలో కొండ దిగి పొలాల మధ్య పారే గెడ్డల్లో ఎక్కువ భాగం ఆ సన్నవే. రెండు మీటర్లలో ఒక కానుగ చెట్టు కొమ్మ చాచుకోలేదు. అది కూడా ఇళ్ళూ భవనాలూ కట్టేవాళ్ళకే. నాగలికి, జేసీబీకి, రొయ్యల చెరువుకి ఆ కొలత వర్తించదు. సముద్రపు పోటు ఎక్కే ఏళ్ళ వెంట 2011 తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో 100 మీటర్లదాకా ఉన్న రక్షణని 2019లో 50 మీటర్లకి కుదించారు. సింహాచలం కొండల నుంచి, కైలాసగిరి నుంచి దిగి ఒకప్పుడు వరిమళ్ళ మధ్య పారిన మన గెడ్డలు ఇవాళ విశాఖలో సిమెంటు గోడల నడుమ మురుగుకాలవలు. అవి మురుగుకాలవలుగా పుట్టలేదు. ఒడ్డు ముందు పోయింది, గెడ్డ తరవాత పోయింది. అనకాపల్లికీ, చోడవరానికీ, రాంబిల్లికీ నేను చెప్పేది అదే. మా పట్నాన్ని చూసి జాగ్రత్త పడండి.

మరి మీ పేటలో అంతా సవ్యంగా ఉందా అంటావు. విను. మా తీరానికి ఎవరి పేరునా పట్టా లేదు. ఎవరి తెప్ప ఎక్కడ నిలబడాలో, అలివి వల ఎవరు ముందు వెయ్యాలో పెద్దలు కూర్చుని వంతులు తీరుస్తారు. వల లాగడానికి తాడు పట్టినవాడికి పాలు దక్కుతుంది, వాడిది వల కాకపోయినా. ముసలివాడైపోయి వేటకి పోలేనివాడు తాడు కొస పట్టినా గుప్పెడు చేపలు ఇంటికి వెళ్తాయి. ఇసుక మీద కంచె వేసినవాణ్ణి మా పేటలో నేను చూడలేదు. అలాగని మేం దేవుళ్ళం కాదు. 2022 జనవరిలో రింగు వలల గొడవలో పేటకీ పేటకీ మధ్య పడవలు తగలబడ్డాయి. ఎందుకు? పెద్ద పెట్టుబడి పెట్టి పెద్ద వల కొన్నవాడికి పాత వంతు సరిపోలేదు. వంతు తప్పిన చోట నిప్పు పుట్టింది. పంచుకోవడం తెలిసినవాళ్ళ మధ్యనే అంత జరిగితే, పంచుకోవాలన్న ఊసే లేని ఏటి ఒడ్డున ఏం జరుగుతుందో ఆలోచించు.

నీ గోడు నాకు తెలుసు. ఎకరం రైతువి, అందులో ఒడ్డు వదిలితే పిల్లలకి ఏం పెట్టాలంటావు. లెక్క వేద్దాం. నీ ఎకరానికి ఏటి వైపు యాభై గజాల నిడివి ఉందనుకో. పది గజాలు వెనక్కి జరిగితే అయిదు వందల చదరపు గజాలు, అంటే సుమారు పది సెంట్లు. నీకది చిన్న విషయం కాదు. ఊరికే వదులుకోమని నేను అనను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేప గుడ్డు పెట్టే కాలమని మోటారు పడవలకి వేట నిషేధం. కడలికి విశ్రాంతి ఇచ్చినందుకు ప్రభుత్వం మాకు భృతి ఇస్తుంది. 2025లో దాన్ని కుటుంబానికి 20 వేలు చేసింది. ఇది భిక్ష అని ఎవరూ అనరు. అందరి చేపని కాపాడినందుకు అందరి సొమ్ములోంచి ఇచ్చేది. మరి ఏటికి విశ్రాంతి ఇచ్చిన రైతుకి ఎందుకివ్వరు? ఒడ్డు వదిలిన ప్రతి సెంటుకీ ఏటా కౌలు కట్టండి. ఆ పట్టీ మీద పండే నేరేడు పండూ, వెదురూ, పశువుల గడ్డీ రైతుకీ, ఊళ్ళో భూమి లేనివాళ్ళకీ వాటాలుగా పంచండి. ఎకరం రైతుకి ముందు, పదెకరాల వాడికి తరవాత. ఫామ్‌హౌస్ వాడికి పైసా ఇవ్వక్కర్లేదు, వాడు కంచె తీస్తే చాలు.

ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2015లో చట్టం చేసింది. నదులూ సరస్సులూ ఆనుకున్న పొలాల్లో సగటున 50 అడుగుల పట్టీ, దున్నకుండా, ఏడాది పొడుగునా బతికే గడ్డీ చెట్లూ ఉండేలా వదలాలి. అక్కడి మొక్కజొన్న రైతులు గగ్గోలు పెట్టారు, ఊరూరా సభలు జరిగాయి. చివరికి అత్యధికులు ఆ పట్టీ వదిలారు. న్యూజిలాండులో 1991 చట్టం ప్రకారం నది పక్క భూమిని చిన్న ప్లాట్లుగా విడగొట్టేటప్పుడు ఒడ్డున 20 మీటర్లు ప్రజల కోసం పక్కన పెట్టాలి. మన దగ్గర లేఅవుట్ వేసేవాడు పార్కు స్థలమని ఏదో మూల ముక్క చూపిస్తాడు. అదే స్థలాన్ని ఏటి ఒడ్డున, బాటతో సహా చూపించమని అనుమతిలోనే రాయడానికి ఏ అధికారికి చెయ్యి రాదు?

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ప్రతి ఊళ్ళో సర్వే కొలతల (ఎఫ్‌ఎంబీ) పటం గ్రామసభలో పరిచి, గెడ్డ పోరంబోకు హద్దులు అందరి ముందూ కొలిచి రాళ్ళు పాతాలి. పటంలో ఉన్న బాటకి అడ్డమున్న కంచె తీసేయాలి. ఒడ్డు పట్టీ పేరున ఒక సంఘం ఉండాలి. అందులో ఒడ్డు రైతులే కాదు, గొర్రెలకాపరీ రజకులూ ఏటి బెస్తలూ కూడా కూర్చోవాలి. పురుగుమందు డబ్బా అమ్మినవాడే ఖాళీ డబ్బా వెనక్కి తీసుకోవాలి. ఇసుక రీచ్ తెరిస్తే ఆ వచ్చిన సొమ్ములోంచి మొదటి ఖర్చు ఒడ్డు మీద చెట్టుకే పడాలి. అధికారి వచ్చి చేస్తాడని కూర్చుంటే మన పిల్లలు కూడా కూర్చునే ఉంటారు. శారద మీద ఒక్క ఊరు, గోస్తని మీద ఒక్క ఊరు మొదలుపెడితే మిగతావాళ్ళకి చూపించడానికి ఉంటుంది.

మొదలుపెట్టే ఊరు ఏదైనా సరే, మాకు కబురు పెట్టండి. నిషేధం రోజుల్లో మా పేటలో మగవాళ్ళు వలలు అల్లుకుంటూ ఖాళీగా ఉంటారు. తొలకరికి ముందు గుంతలు తవ్వడానికీ, మొక్కలు మోయడానికీ, వెదురు దుబ్బులు నాటడానికీ చేతులు కావాలి. ఆ చేతులు మా దగ్గరున్నాయి. నాటిన చెట్టులో మాకు వాటా అక్కర్లేదు, ఏరు శుభ్రంగా దిగితే మా వాటా మా వలలోనే పడుతుంది. కూలి అడగం. అన్నం పెడితే చాలు, చేపల కూర మేమే తెస్తాం. జూన్ 14 దాటితే మాత్రం మేం కడలి మీద ఉంటాం. ఆలోగా పిలవండి.